ఆట డిస్కుల రూపాంతరము: తల్లిదండ్రుల కొక పాఠము

పిల్లలాడుకొను ఆటల డిస్కులను గూర్చి పాఠశాల సంచికలో వ్యాసమెందులకని కొందఱు తల్లిదండ్రులు తలపవచ్చును. మా చేత జరిగిన పొరపాటే ఈ వ్యాసమునకు కారణము. దానిని మొదట చెప్పి, పిదప పాఠమునకు వత్తుము.

గడచిన వేసవిలో మా విద్యార్థి యొకడు తన యన్న చిన్ననాడు ఆడిన ప్లేస్టేషన్ డిస్కు నొకదానిని గుడ్డలో చుట్టి మా వద్దకు తెచ్చెను. అన్న ఇప్పుడు మారికుప్పము నుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికిపోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నాడు. ఆట యంత్రము చెడిపోయి చాలకాలమైనది. "సార్, దీన్ని కంప్యూటర్లో ఎక్కించి ఇస్తారా? అన్నకు చూపిస్తాను" అని బాలు డడిగెను. మేము డిస్కును డ్రైవులో నుంచి, ఐ.ఎస్.ఓ. అను ఫైలుగా మార్చి, పెన్‌డ్రైవులో వేసి యిచ్చితిమి. పని ముగిసినదని సంతసించితిమి. ఇంటివారు డిస్కుతో ఇక పని లేదనుకొని పాత సామానుతో పాటు దానిని పారవేసిరి. ఆట తెఱచి చూడగా బొమ్మలు కదలినవి, మీటలు పనిచేసినవి. కాని పాట వినబడలేదు. అన్నకు జ్ఞప్తియందున్నది ఆ పాటయే. మేము డిస్కులోని మొదటి భాగమును మాత్రమే తీసికొని, సంగీతమున్న తక్కిన భాగములను వదలివేసితిమి. డిస్కు పోయినది గనుక ఆ తప్పును దిద్దుటకు వీలులేకపోయినది.

ఇట్టి డిస్కులు మీ యిండ్ల అలమారులలో ఇంకను కొన్ని యుండును. వానిని కాపాడదలచిన వారు మా తప్పును మరల చేయకుండుటకై మేము తరువాత నేర్చుకొన్న సంగతులను ఇచ్చట క్రమముగా వివరించుచున్నాము.

డిస్కుపై నేమున్నది?

సిడి మొదట పాటల కొఱకు పుట్టినది. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కూడి 1980లో దాని నియమములను నిర్ణయించినవి. 1982లో అది విపణికి వచ్చినది. పాటల సిడిలో సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి వ్రాయుదురు. కుడి యెడమలకు వేఱువేఱుగా, ఒక్కొక్క కొలతకు 2 బైటుల చొప్పున లెక్కింపగా, సెకనునకు 1,76,400 బైటులగును. ఈ సెకనును 75 గడులుగా విభజించిరి. ఈ గడినే సెక్టరందురు. 1,76,400ను 75 చేత భాగింపగా 2,352 వచ్చును. అనగా సిడిపై ప్రతి సెక్టరులోను 2,352 బైటులకు చోటున్నది. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పాటలో ఒక బైటు చెడినచో చెవికి తెలియకపోవచ్చును. కంప్యూటరు ఆజ్ఞలలో ఒక బైటు చెడినను పని యాగిపోవును. అందుచేత అక్షరములను, ఆజ్ఞలను వ్రాయుటకు సిడిని వాడునపుడు ప్రతి సెక్టరులోను కొంత భాగమును కావలి కొఱకు కేటాయించిరి. ఆ పంపక మిట్లున్నది: సెక్టరు మొదలును తెలుపుటకు 12 బైటులు, దాని చిరునామాకు 4, అసలు విషయమునకు 2,048, తప్పున్నదా యని కనుగొనుటకు 4, ఖాళీగా 8, తప్పును దిద్దుటకు 276. మొత్తము 2,352. ఇందు విషయము పోగా మిగిలిన 304 బైటులు కావలివాండ్రవంటివి.

ఈ పంపకమునకు మొదటి మోడ్ అని పేరు. ఆట యంత్రములలో సిడిని మొదట వాడినది పి.సి. ఇంజిన్; దాని సిడి అనుబంధము 1988లో జపానులో వెలువడినది. దాని డిస్కులలో ఆజ్ఞలుండు ట్రాకు వేఱు, సంగీతపు ట్రాకులు వేఱు. 1994 నవంబరులో సెగా శాటర్న్, అదే సంవత్సరము డిసెంబరు 3న సోనీ ప్లేస్టేషన్ జపానులో విడుదలైనవి. ప్లేస్టేషన్ డిస్కులలో రెండవ మోడ్ అను పంపకము గలదు. అందు రెండు ఫారములున్నవి. మొదటి ఫారములో విషయమునకు 2,048 బైటులు, తప్పు దిద్దుటకు 276 బైటులు యథాప్రకారముగా నుండును. రెండవ ఫారములో దిద్దుబాటు బైటులను విడిచి, విషయమునకు 2,324 బైటుల నిచ్చిరి. కదలు బొమ్మలలోను, మాటలలోను చిన్న లోపము సహింపదగినది గనుక, భద్రతను కొంత తగ్గించి చోటును పెంచుకొనిరన్నమాట. ఒకే డిస్కులో ఈ ఫారములు రెండును కలసి యుండవచ్చును. వానికి తోడు సంగీతపు ట్రాకులును ఉండవచ్చును.

ప్రతిబింబ ఫైళ్ల రకములు

డిస్కునందున్న దానిని మొదటినుండి తుదివరకు కంప్యూటరులోనికి తీసికొని ఉంచిన ఫైలును ఇమేజి, అనగా ప్రతిబింబము, అందురు. ప్రతిబింబములు పలురకములు. వానిలో ముఖ్యమైనవి యివి.

ఐ.ఎస్.ఓ. అనునది ఒక్కొక్క సెక్టరు నుండి 2,048 బైటులను మాత్రమే గ్రహించును. ఫైళ్ల అమరికను గూర్చి 1988లో వెలువడిన 9660 సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణము నుండి దీనికా పేరు వచ్చినది. దీనియందు ట్రాకులను గూర్చిన పట్టిక లేదు. సంగీతమునకు చోటు లేదు.

బిన్ అనునది సెక్టరులోని 2,352 బైటులను ఉన్నవున్నట్లు తీసికొనును. దానికి తోడుగా క్యూ అను చిన్న వ్రాతఫైలు ఉండును. ఏ ట్రాకు ఎచ్చట మొదలగునో, అది ఆజ్ఞల ట్రాకో సంగీతపు ట్రాకో ఈ క్యూ ఫైలు తెలుపును. బిన్, క్యూ రెండును కలసియున్నప్పుడే ప్రతిబింబము సంపూర్ణము.

సి.హెచ్.డి. అనునది మేమ్ అను ప్రసిద్ధ కార్యక్రమమును రచించినవారు ఏర్పఱచిన మూట. మేమ్ 1997లో వెలువడినది. పాత ఆట యంత్రములను కంప్యూటరుపై అనుకరించుట దాని పని. ఈ మూటలో బిన్, క్యూలలోని విషయమంతయు ఒకే ఫైలుగా, తక్కువ చోటులో ఒదిగియుండును.

ఇవిగాక, సోనీవారు 2004లో విడుదల చేసిన చేతియంత్రమగు పి.ఎస్.పి. కొఱకు పి.బి.పి., సి.ఎస్.ఓ. అను రూపములు వాడుకలోనికి వచ్చినవి. 1998 నాటి సెగా డ్రీమ్‌క్యాస్ట్ డిస్కులు సుమారు ఒక జిగాబైటు పట్టు ప్రత్యేకమైన డిస్కులు. వానిని ఇంటిలోని సామాన్యమైన సిడి డ్రైవు పూర్తిగా చదువజాలదు. అవి జి.డి.ఐ. అను రూపములో నుండును. ఇవి ఇంతకంటె మనకు అవసరము లేదు.

పోయినదెంత?

74 నిమిషముల సిడిలో సెక్టరులెన్ని? 74ను 60 చేత గుణింపగా 4,440 సెకనులు. దానిని 75 చేత గుణింపగా 3,33,000 సెక్టరులు. సెక్టరునకు 2,352 చొప్పున 78,32,16,000 బైటులు. 2,048 చొప్పున నైనచో 68,19,84,000 బైటులు. తేడా 10,12,32,000. బిన్ నుండి ఐ.ఎస్.ఓ.గా మార్చినపుడు పది కోట్లకు పైగా బైటులు జారిపోవుచున్నవి. అవి తుక్కా, సరుకా? ఇదియే ఈ పాఠమునకు మూలప్రశ్న.

దీనికి సమాధానము డిస్కును బట్టి యుండును. డిస్కు మొదటి మోడ్‌లో ఒకే ట్రాకుగా నున్నచో, ఆ 304 బైటులను లెక్క కట్టి మరల తయారుచేయవచ్చును. మొదలు గుర్తు ఎల్లప్పుడు ఒక్కటే. చిరునామా వరుససంఖ్యను బట్టి వచ్చును. దిద్దుబాటు బైటులు విషయమునుండి సూత్రము ప్రకారము పుట్టును. ప్రతిరక్షణకై కావలెనని తప్పుగా వ్రాసిన డిస్కులను మినహాయింపగా, ఇట్టివానికి ఐ.ఎస్.ఓ. చాలును. రెండవ ఫారములోని 2,324 బైటులలో నుండి 2,048 మాత్రమే తీసికొన్నచో మిగిలిన 276 అసలు విషయమే. అవి ఏ సూత్రమువలనను తిరిగిరావు. సంగీతపు ట్రాకులో 2,352 బైటులును సంగీతమే. అందు కావలివాడెవ్వడును లేడు. అట్టి ట్రాకును ఐ.ఎస్.ఓ. తనలో చేర్చుకొనజాలదు. మేము పోగొట్టినది ఇదియే.

మూడు లిపుల ఉదాహరణము

మన కోలారు జిల్లాలోని పిల్లలకు ఈ భేదమును తెలియజెప్పుట సులభము; ఏలయన, వారు దినదినము మూడు లిపులను చూచుచున్నారు. తెలుగు మాటను కన్నడ లిపిలో వ్రాసి, దానిని మరల తెలుగు లిపిలోనికి మార్చుడు. "గాలి" అని వ్రాసినచో "గాలి" యే తిరిగివచ్చును. "కాలి" అని వ్రాసినచో "కాలి" యే వచ్చును. నిత్యవ్యవహారములోని అక్షరములన్నిటికిని ఆ లిపిలో జోడు కలదు. కంప్యూటరులు వాడు యూనికోడ్ పట్టికలో సైతము ఈ రెండు లిపులు ప్రక్కప్రక్క యిండ్లవలె నున్నవి. తెలుగు "క"కు సరిగా 128 స్థానముల తరువాత కన్నడ "క" ఉండును. ఇది నష్టములేని రూపాంతరము.

అదే రెండు మాటలను తమిళ లిపిలో వ్రాయుడు. రెండును ఒక్కటే యగును. క, ఖ, గ, ఘలకు ఆ లిపిలో ఒకే అక్షరము. ఇది తమిళ లిపికి లోపము కాదు; తమిళ భాషకు ఆ అక్షరములే చాలును, ఆ భాషకు అది చక్కగా నమరినది. కాని తెలుగు మాట ఆ దారిన పోయి వచ్చినపుడు "గాలి" యో "కాలి" యో తేల్చుటకు వీలులేదు. ఐ.ఎస్.ఓ. కూడ అట్టిదే. అది తనకు తగిన డిస్కునకు నిర్దోషమైన రూపము. తగని డిస్కును దానిలోనికి మార్చినపుడు నష్టము కలుగును. ఆ నష్టము పైకి కనబడదు. ఫైలు తెఱచుకొనును, ఆట నడచును, మనము మోసపోవుదుము.

కాబట్టి రూపాంతరమునకు ఒరగల్లు ఒక్కటియే: పోయినది పోయినట్లే తిరిగి రావలెను. తిరిగివచ్చు దారి లేని రూపాంతరము చేసినపుడు మూలమును పారవేయరాదు.

క్యూ పట్టికను చదువుట

క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెఱచి చదువవచ్చును. మొదటి పంక్తిలో బిన్ ఫైలు పేరుండును. తరువాత ట్రాకుల వరుస. ప్లేస్టేషన్ డిస్కు నైనచో మొదటి ట్రాకు ఎదుట రెండవ మోడ్ అనియు 2,352 అనియు ఉండును. సంగీతపు ట్రాకుల ఎదుట ఆడియో అని యుండును. ప్రతి ట్రాకు క్రింద ఇండెక్స్ అను పదము ప్రక్కన మూడు జంటల అంకెలుండును. అవి నిమిషములు, సెకనులు, సెక్టరులు. సెకనునకు 75 సెక్టరులే గనుక మూడవ జంట 74ను మించదు.

ఒక ఉదాహరణము. ఒకే బిన్ ఫైలుగల డిస్కులో రెండవ ట్రాకు 12:30:45 వద్ద మొదలగునని యుండనిండు. 12 నిమిషముల 30 సెకనులు 750 సెకనులు. 75 చేత గుణింపగా 56,250. దానికి 45 కలుపగా 56,295 సెక్టరులు. 2,352 చేత గుణింపగా 13,24,05,840. అనగా బిన్ ఫైలులో అన్ని బైటులు దాటిన పిదప సంగీతము మొదలగును. ఈ చిన్న పట్టిక పోయినచో అంత పెద్ద బిన్ ఫైలులో ఏది ఆజ్ఞయో ఏది పాటయో యంత్రమునకు తెలియదు. క్యూ ఫైలు చిన్నదని చెరిపివేయువారు ఇండ్లలో నున్నారు. అది ఇంటి పత్రమును చింపి, ఇల్లున్నది గదా యనుకొనుటవంటిది.

ఇంకొక పొరపాటు తఱచుగా జరుగును. బిన్ ఫైలునకు పేరు మార్చుదురు, క్యూలో పాత పేరే యుండును. అపుడు ఆట తెఱచుకొనదు. భయపడవలసిన పనిలేదు, క్యూలోని పేరును దిద్దినచో చాలును. మఱికొందఱు ఫైలు పేరు చివరనున్న బిన్ అను మాటను చెరిపి ఐ.ఎస్.ఓ. అని వ్రాసి రూపము మారినదని తలచెదరు. సంచిపై పేరు మార్చినంతమాత్రమున రాగులు బియ్యమగునా? అట్లే, ఐ.ఎస్.ఓ.ను ఏదేని కార్యక్రమముతో మరల బిన్‌గా మార్చినను పోయిన పాట తిరిగిరాదు.

మూటకట్టుట, తిరిగి విప్పుట

బిన్ ఫైళ్లు పెద్దవి. కొన్ని ఆటలకు ట్రాకునకొక బిన్ చొప్పున ఇరువది ముప్పది ఫైళ్లుండును. వానిలో ఒకటి తప్పిపోయినను చిక్కే. అందుచేత సి.హెచ్.డి.గా మూటకట్టుట నేడు వాడుకలోనికి వచ్చినది. మేమ్‌తో పాటు వచ్చు సి.హెచ్.డి.మ్యాన్ అను ఉపకరణమునకు క్యూ ఫైలు పేరు చెప్పి, క్రియేట్‌సిడి అను ఆజ్ఞ నిచ్చినచో అది మూట కట్టును. బిన్ పేరుగాక క్యూ పేరే చెప్పవలెనని గమనింపుడు. ఎక్స్‌ట్రాక్ట్‌సిడి అను ఆజ్ఞతో మూటను మరల బిన్, క్యూలుగా విప్పవచ్చును. సంగీతపు ట్రాకులను అది ఫ్లాక్ అను పద్ధతిలో కుదించును. ఆ పద్ధతిలో ఒక్క బైటు కూడ పోదు. ఎం.పి.3గా కుదించినచో చోటు మిక్కిలి తగ్గును గాని, చెవికి అంతగా తెలియదనుకొన్న భాగములను అది తీసివేయును; వానిని తిరిగి పొందుటకు వీలులేదు.

మూట సరిగా నున్నదని ఎట్లు తెలియును? ఇందులకు ఎస్.హెచ్.ఎ.1 వంటి సరిచూచు సంఖ్యలు గలవు. ఫైలులోని బైటులన్నిటిని ఒక సూత్రము ద్వారా నడపి, 40 గుర్తులుగల యొక ముద్రను తీయుదురు. ఫైలులో ఒక బైటు మారినను ముద్ర మారిపోవును. మూలపు బిన్ ముద్రను కాగితముపై వ్రాసికొని, మూటకట్టి, మూట విప్పి, విప్పిన బిన్ ముద్రను దానితో పోల్చవలెను. రెండును సమానమైనచో ప్రయాణము క్షేమముగా జరిగినట్లు. ఒక సూక్ష్మము: పలు బిన్ ఫైళ్లుగా నున్న దానిని మూటకట్టి విప్పినపుడు అవన్నియు ఒకే బిన్‌గా రావచ్చును. అపుడు ముద్రలు కలియవని కలతపడక, ఉపకరణములోని వెరిఫై అను ఆజ్ఞతో మూటను పరీక్షించి, ప్రతి ట్రాకును తెఱచి వినవలెను.

రీడంప్ అను స్వచ్ఛంద సంఘము వేలకొలది ఆట డిస్కుల ముద్రలను సేకరించి పట్టికలుగా నుంచినది. మీ డిస్కునుండి తీసిన ట్రాకు ముద్ర ఆ పట్టికలోని దానితో సరిపోయినచో, మీ డ్రైవు తప్పు లేకుండ చదివినదని నమ్మవచ్చును.

మఱియొక హెచ్చరిక. ప్రతి సెక్టరునకు అంటి 96 బైటుల ఉపమార్గము కూడ డిస్కుపై నున్నది. ఐరోపాకై తయారైన కొన్ని ప్లేస్టేషన్ డిస్కులలో దొంగప్రతులను అరికట్టు గుర్తును అందు దాచిరి. సామాన్యమైన బిన్ దానిని తీసికొనదు. అట్టి డిస్కు ప్రతిబింబము నడుమ నిలిచిపోయినచో కారణమిదియై యుండవచ్చును. మూలపు డిస్కు నుంచుకొనవలెననుటకు ఇదియు నొక హేతువు.

ఏ డిస్కునకు ఏ రూపము?

ప్లేస్టేషన్ డిస్కు అడుగుభాగము నల్లగా నుండును. దానికి బిన్, క్యూ లేక సి.హెచ్.డి. తగును. 2000లో వెలువడిన ప్లేస్టేషన్ 2 ఆటలు ఎక్కువభాగము డివిడిలపై, కొన్ని సిడిలపై వచ్చినవి. ఆ సిడిల అడుగుభాగము సాధారణముగా నీలముగాను, డివిడిల అడుగుభాగము వెండివలెను కనబడును. డివిడి నుండి డ్రైవు కంప్యూటరునకు అందించునది సెక్టరునకు 2,048 బైటులే. అందు సిడి సంగీతపు ట్రాకులవంటివి లేవు. కావున డివిడికి ఐ.ఎస్.ఓ. చాలును, నీలిరంగు సిడికి బిన్, క్యూ అవసరము.

ప్లేస్టేషన్ 2 మన తెలుగువారికి మఱియొక విధముగా జ్ఞాపకముంచుకొనదగినది. 2009లో ఆ యంత్రము కొఱకు వెలువడిన "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను తయారుచేసినది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. మన దేశపు గ్రామక్రీడలను చేర్చిన "దేశీ అడ్డా" ఆట కూడ హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థలో రూపొందినది. ఆ యంత్రపు ఉత్పత్తి 2013 నాటికి ఆగిపోయినది. అట్టి ఆటల డిస్కు ఎవరి యింటనైన నున్నచో, అది పిల్లల ఆటవస్తువు మాత్రమేగాక తెలుగునేలపై జరిగిన యొక పనికి గుర్తు. దానిని పాత సామానులో వేయవలదని మా ప్రార్థన.

పెండ్లి డిస్కులకును ఇదే నియమము

తల్లిదండ్రులు ఇంతవరకు ఈ విషయము పిల్లలదని యనుకొని యుండవచ్చును. ఇప్పుడు మీ పెండ్లి విషయము చెప్పుచున్నాము. 1993లో ఏర్పడిన వీడియో సిడి పద్ధతిలో ఎన్నో యిండ్ల పెండ్లిండ్లు, నామకరణములు, పాఠశాల వార్షికోత్సవములు భద్రపఱచబడినవి. వీడియో సిడిలోని కదలుబొమ్మ ప్లేస్టేషన్ డిస్కులలో మేము చెప్పిన రెండవ ఫారములోనే, సెక్టరునకు 2,324 బైటుల చొప్పున నుండును. దానిని తొందరపడి ఐ.ఎస్.ఓ.గా తీసినచో ప్రతి సెక్టరునుండి కొంత తెగిపోయి బొమ్మ చెడును. ఆటకైనచో మఱియొక డిస్కు ఎచ్చటనైన దొరకవచ్చును. మీ పెండ్లి డిస్కునకు రెండవ ప్రతి లోకములో నెచ్చటను ఉండకపోవచ్చును.

ఇంటిలో వ్రాసిన డిస్కులు అచ్చువేసిన డిస్కులకంటె త్వరగా చెడును. వానిలోని రంగుపొర ఎండకును వేడికిని చెదరును. సిడిపై విషయమున్న పొర పేరు వ్రాయు వైపుననే, పలుచని పూత క్రింద నున్నది. అందుచేత అడుగున పడిన గీతకంటె పైన పడిన గీత ప్రమాదకరము. బాల్‌పెన్నుతో వ్రాయరాదు, కాగితము అంటింపరాదు. తుడువవలసినచో మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపునకు తుడువవలెను గాని గుండ్రముగా తుడువరాదు.

న్యాయమైన హద్దు

తీసిన ప్రతిబింబము ఎవరిదన్న ప్రశ్న కూడ కలదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టములోని 52వ సెక్షను ప్రకారము, న్యాయముగా తనయొద్ద నున్న కంప్యూటరు కార్యక్రమము పోవుట, చెడుట జరుగకుండ కాపాడుకొనుటకై ఒక ప్రతి తీసికొనుటకు హక్కు గలదు. ఆ ప్రతిని అమ్ముటకుగాని, పదుగురికి పంచుటకుగాని ఆ సెక్షను అనుమతి నీయదు. పిల్లలకు ఈ భేదమును ఇంటిలోనే చెప్పవలెను. కాపాడుట వేఱు, కాజేయుట వేఱు.

ముగింపు

మన పట్టణములో ఎటు చూచినను సయనైడు దిబ్బలు కనబడును. గనినుండి పైకి తెచ్చిన రాతిని మిల్లులో పిండిచేసి, బంగారము తీసికొని, మిగిలిన పొడిని పనికిరాదని పోసినవే ఆ దిబ్బలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పంపులు ఆగిన పిదప లోతట్టు మట్టములు నీట మునిగినవి. ఆ పారవేసిన పొడిలో ఇంకను బంగారపు నలుసులున్నవి. 13 దిబ్బలను మరల తవ్వుటకు 2024లో కర్ణాటక మంత్రిమండలి సమ్మతించినది. ఒకతరము తుక్కన్నది మఱియొక తరమునకు సరుకైనది. దిబ్బ మిగిలియున్నందువలననే మరల వెదకుటకు వీలైనది. ఫైలునుండి పారవేసినది దిబ్బగా నైనను మిగులదు. అందుచేత ముందుగా తీయునపుడే సమస్తమును తీయవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి నాలుగు. మొదట డిస్కు నుండి సంపూర్ణమైన ప్రతిబింబమునే తీయుడు. క్యూ ఫైలును బిన్‌తో కలిపి యుంచుడు. మూటకట్టినచో విప్పి, పోల్చి, తుదివరకు చూచి, విని నమ్ముడు. రెండు ప్రతులను రెండుచోట్ల నుంచి, మూలపు డిస్కును కూడ దాచుడు.

ఆ బాలుని అన్నకు మేము ఆ డిస్కును తిరిగి యీయలేకపోతిమి. ఇప్పుడు ఎవరైన డిస్కు తెచ్చినచో మేము మొదట అడుగు ప్రశ్న యిది: "బాబూ, ఇందులో నీకు జ్ఞప్తియందున్నదేమి?" ఆ చెప్పినదానిని తెఱచి చూచి, విని, అది తప్పక వచ్చినదని తేలిన పిదపనే డిస్కును వాని చేతికిచ్చి, ఇంటిలో దాచుమని చెప్పి పంపుచున్నాము.

ఇంటియందు పిల్లలతో చేయదగిన అభ్యాసములు

1. ఒక ట్రాకు 05:00:00 వద్ద మొదలైనచో, దానికి ముందు ఎన్ని సెక్టరులున్నవి? ఎన్ని బైటులున్నవి?

2. మీ పేరును కన్నడ లిపిలోను, తమిళ లిపిలోను, ఇంగ్లీషు అక్షరములలోను వ్రాసి, ఇంకొకరిచేత మరల తెలుగులో వ్రాయింపుడు. ఏ దారిన మీ పేరు చెడక తిరిగివచ్చినది?

3. ఇంటిలోనున్న డిస్కులను తీసి, అడుగుభాగపు రంగును, పైన వ్రాసిన పేరును, తేదీని ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. వానిలో రెండవ ప్రతి లేనివి యేవో గుర్తింపుడు. ఆ డిస్కులకే ముందుగా ప్రతిబింబము తీయవలెను.